గడ్డిలో ఉన్న తీపి

పోయిన నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలు, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీసి పెట్రోలులో కలుపుతున్నారట, తిండిగింజల్ని బండి ట్యాంకులో పోయడం న్యాయమా అని అడిగారు. గింజ దాకా పోనక్కర్లేదు, గడ్డిలోనూ చక్కెర ఉంది, దాన్నుంచి కూడా తీయొచ్చు అని ఒక్క ముక్కలో జవాబు రాశాను. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. అందుకే ఈ నెల చోటంతా గడ్డికే ఇస్తున్నాను.

*ప్రశ్న: మేడమ్ గారూ, ఆరెకరాలు కౌలుకు చేస్తున్నాను. కోత మిషన్ పోయాక గడ్డి చేను నిండా పడి ఉంటుంది. ఎడగారు పంటకు దున్నాలంటే నిప్పు పెట్టక తప్పడం లేదు. గడ్డిలో చక్కెర ఉందని రాశారు. నలభై ఏళ్లుగా గడ్డి మోస్తున్నాను, ఏనాడూ తియ్యగా అనిపించలేదు. నిజంగా ఉందా? ఉంటే ఎంత ఉంది?*
— కౌలు రైతు, విడవలూరు మండలం

ఉందండీ. అయితే మన నోటికి అందకుండా ఉంది.

ఈ రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు కూర కలపకుండా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు మింగకుండా నమలండి. మెల్లగా తీపి తెలుస్తుంది. అన్నంలోని పిండి పదార్థాన్ని మన లాలాజలం విడగొట్టి చక్కెర చేస్తుంది. గడ్డిపోచను రోజంతా నమిలినా అలా జరగదు. గడ్డిలోని చక్కెర వేరే రకంగా ముడిపడి ఉంది, ఆ ముడి విప్పే శక్తి మన లాలాజలానికి లేదు.

ఇక ఎంత ఉందంటారా, వంద కిలోల ఎండు వరిగడ్డిలో 35 నుంచి 40 కిలోలు సెల్యులోజ్ అనే పదార్థం. అది గ్లూకోజ్ తప్ప మరేమీ కాదు, వేల గ్లూకోజ్‌లు గొలుసుగా చేరి ఉంటాయి. ఆ గొలుసు తెగేటప్పుడు ప్రతి ముక్కా కొంచెం నీటిని కలుపుకుంటుంది కాబట్టి 36 కిలోల సెల్యులోజ్‌కు 40 కిలోల గ్లూకోజ్ రావాలి. దాన్ని ఈస్ట్‌తో పులియబెడితే సగం కంటే కాస్త తక్కువ గ్యాసుగా పోతుంది, మిగతాది ఇథనాల్. అంటే 20 కిలోలు, లీటర్లలో 26. ఇది కాగితం మీది లెక్క.

ఫ్యాక్టరీ లెక్క వేరు. హర్యానాలో పానిపట్ దగ్గర ఇండియన్ ఆయిల్ వాళ్లు వరిగడ్డి నుంచి ఇథనాల్ తీసే ప్లాంటు కట్టారు, 2022 ఆగస్టు 10న ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. 900 కోట్ల రూపాయలకు పైనే ఖర్చయింది. ఏడాదికి 2 లక్షల టన్నుల గడ్డి వేసి 3 కోట్ల లీటర్లు తీయాలని దాన్ని కట్టారు. భాగించి చూడండి, వంద కిలోలకు 15 లీటర్లు. మన పుట్టి లెక్కలో చెప్తాను. ఒక పుట్టి, అంటే 850 కిలోల గడ్డికి దాదాపు 127 లీటర్లు. ఎకరాకు మూడు పుట్ల వడ్లు పండితే ఇంచుమించు అంతే తూకం గడ్డీ వస్తుంది. మిషన్ కోతలో అడుగు మోడు చేలోనే ఉండిపోతుంది కాబట్టి సగం చేతికొచ్చినా ఎకరాకు 190 లీటర్లు. మీ ఆరెకరాల్లో ప్రతి పంటకూ నిప్పు పెడుతున్నది అది.

మీకు తియ్యగా అనిపించలేదన్నారు. మీ ఇంట్లో గేదె ఉంటే దానికి తెలుసు. మా నాయన కోవూరు పక్కన సేద్యం చేసేవాడు. చిన్నప్పుడు సాయంత్రం పూట కొట్టంలో కూర్చుని గేదె నెమరు వేయడం చూడటం నాకు అలవాటు. కింది దవడ పక్కకు జరిగి జరిగి ఆడుతుంది, పెదవి అంచున తెల్లటి నురగ, ఒక ముద్ద మింగాక కాసేపు ఆగుతుంది, అంతలో మెడ కింద నుంచి ఇంకో ముద్ద ఉండలా పైకి పాకుతుంది. ఆ గడ్డిని విడగొట్టేది గేదె కాదని, దాని కడుపులో ఉన్న కంటికి కనపడని కోటానుకోట్ల జీవులని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. ఆసిడ్ లేదు, బాయిలర్ లేదు. ఒంటి వేడి మీదే, ఒకటి రెండు రోజులు తీసుకుని ఆ పని చేస్తాయి. ఫ్యాక్టరీ చేయబోయేదీ అదే పని. ఇప్పటికీ అందులో గేదెదే పైచేయి అని నా నమ్మకం.

*ప్రశ్న: పిండి పదార్థమూ గ్లూకోజే, సెల్యులోజూ గ్లూకోజే అని మా పుస్తకంలో ఉంది. మరి ఒకటి అంత సులువుగా, ఇంకోటి ఇంత కష్టంగా ఎందుకు విడిపోతుంది? ఫ్యాక్టరీలో ఏం చేస్తారో వరసగా చెప్తారా?*
— బీఎస్సీ విద్యార్థిని, కావలి

మంచి ప్రశ్న అమ్మాయ్. ఇరవై ఆరేళ్లు కెమిస్ట్రీ చెప్పాను, ఈ ప్రశ్న అడిగిన పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

పిండి పదార్థంలో గ్లూకోజ్‌లన్నీ ఒకే వైపు తిరిగి చేయి పట్టుకుంటాయి. అందుకే ఆ గొలుసు స్ప్రింగులా మెలి తిరిగి, వదులుగా, నీళ్లు దూరేలా ఉంటుంది. సెల్యులోజ్‌లో ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా ఉంటాయి. దాంతో గొలుసు నిటారుగా సాగుతుంది. నిటారుగా ఉన్న గొలుసులు ఒకదాని పక్కన ఒకటి చేరి, మధ్యలో సందు లేకుండా అతుక్కుపోతాయి. వాటిని అతికించే హైడ్రోజన్ బంధం ఒక్కొక్కటీ బలహీనమైనదే, అవి లక్షల్లో ఉంటే నీళ్లు కూడా లోపలికి పోలేవు. పుస్తకంలో ఆల్ఫా అనీ బీటా అనీ రాసి ఉండేది ఈ తేడానే.

పైగా గడ్డిలో సెల్యులోజ్ ఒంటరిగా ఉండదు. పడవ కట్టే పాత మోకు చూసుంటావు. లోపల నార పేటలు, పేటల మధ్య జిగురు, పైనంతా తారు. నార సెల్యులోజ్ అనుకో. జిగురు హెమిసెల్యులోజ్, గడ్డిలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఉంటుంది, ఇందులోనూ చక్కెరలున్నాయి, ముఖ్యంగా జైలోజ్. తారు లిగ్నిన్, అందులో చక్కెర లేదు. తారు వదిలించకుండా నార పీకడం ఎవరివల్లా కాదు.

అందుకే ఫ్యాక్టరీలో మొదటి పని మోకును వదులు చేయడం. గడ్డి నరికి, దుమ్మూ రాళ్లూ తీసి, బాగా పలచన చేసిన సల్ఫ్యూరిక్ ఆసిడ్‌తో తడిపి, 160 నుంచి 190 డిగ్రీల ఆవిరిలో కొద్ది నిమిషాలు ఉడికిస్తారు. మన ఇంట్లో కుక్కర్ 120 దగ్గర ఆగుతుంది, దీన్నిబట్టి ఊహించుకో. కొన్నిచోట్ల ఆ ఒత్తిడిని ఒక్కసారిగా వదిలేస్తారు. పోచలో ఉన్న నీరు ఆవిరై లోపల నుంచి చీల్చుకుని బయటకొస్తుంది, వడ్లు పేలాలైనట్టే. ఆసిడ్ బదులు అమ్మోనియా వాడేవాళ్లున్నారు, క్షారం వాడేవాళ్లున్నారు.

ఈ ఉడికించడంలోనే అంతా ఉంది. అరిసెల పాకం పట్టిన చేతులకు ఇది బాగా తెలుస్తుంది. పాకం లేతగా ఉంటే అరిసె నిలవదు, ముదిరితే రాయి, మాడితే చేదు. ఇక్కడా అంతే. తక్కువ ఉడికితే నార బయటపడదు. ఎక్కువ ఉడికితే వచ్చిన చక్కెరే మాడి ఫర్ఫ్యూరాల్‌గా, దాని చుట్టాలుగా మారుతుంది. అవి ఈస్ట్‌కు విషం. చక్కెర పోవడమే కాదు, మిగిలిన చక్కెరనూ పులవనివ్వవు.

తర్వాత ఎంజైములు, అంటే ఆ గొలుసును కత్తిరించే ప్రొటీన్లు. ఇక్కడ ఒక కథ చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యం వేసుకున్న నూలు గుడారాలు, బట్టలు చివికిపోయేవి. ఏదో బూజు తింటోందని వాళ్ల సైనిక ప్రయోగశాల ఆ బూజుల్ని సేకరించి పెంచింది. అందులో ఒకటి సెల్యులోజ్‌ను విడగొట్టడంలో అన్నిటినీ మించిపోయింది. దాని మీద ఎన్నో ఏళ్లు పనిచేసిన ఎల్విన్ రీస్ పేరు మీద దానికి ట్రైకోడెర్మా రీసై అని పేరు పెట్టారు. గడ్డిని చక్కెర చేసే ఎంజైముల్లో ఎక్కువ భాగం ఈ రోజుకీ ఆ గుడారం బూజు సంతానం నుంచి వచ్చేవే. ట్రైకోడెర్మా అన్న పేరు మన రైతులకు కొత్త కాదు. వేరుశనగకు, మినుముకు విత్తనశుద్ధి చేసే పొడి ట్రైకోడెర్మా విరిడి దీనికి జ్ఞాతే.

ఉడికిన గడ్డి గుజ్జుకు ఆ ఎంజైములు కలిపి 50 డిగ్రీల వేడిలో, కొద్దిపాటి పులుపులో, రెండు మూడు రోజులు కలుపుతూ ఉంచుతారు. గుజ్జు మెల్లగా పలచబడి తియ్యటి నీరవుతుంది. నూకలకైతే ఇది గంటల్లో తేలే పని, ఎంజైమూ తక్కువే పడుతుంది. గడ్డి ఇథనాల్ ఖరీదు ఎందుకవుతుందంటే ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆ పైన ఈస్ట్ వేసి పులియబెట్టడం, బట్టీలో కాచి ఇథనాల్ దించడం, చివర మిగిలిన నాలుగైదు శాతం నీటిని జల్లెడలాంటి ఖనిజంతో పీల్చేయడం, ఇవన్నీ పాత విద్యలే. ఒక్క చిక్కు, రొట్టెకు వాడే మామూలు ఈస్ట్ జైలోజ్‌ను ముట్టదు. దానికోసం జన్యువులు మార్చిన ఈస్ట్‌లు తయారు చేశారు. మిగిలిన లిగ్నిన్‌ను పారేయరు, బాయిలర్లో వేసి ఆవిరి పుట్టిస్తారు.

ఇది నిన్నా మొన్నటి ఆలోచన కాదు. 1819లోనే ఫ్రాన్సులో హెన్రీ బ్రాకొనో అనే ఆయన నారబట్ట పీలికల్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో కరిగించి చక్కెర తీశాడు. నేను ఉద్యోగంలో చేరిన ఏడాది అదే ప్రయోగం దూదితో ఇంటర్ పిల్లలకు చూపించాలనుకున్నాను. దూది ఆసిడ్‌లో కరిగి బంకైంది, నీళ్లు పోసి మరిగించాను, చక్కెరను పట్టిచ్చే బెనెడిక్ట్ ద్రావణం వేసి వేడి చేశాను. ఎర్రబడాలి కదా, రంగు రాలేదు. నలభై మంది పిల్లలు పరీక్ష నాళిక వంకే చూస్తున్నారు. "దూదిలో చక్కెర లేదు మేడమ్" అన్నాడు ముందు వరసలో పిల్లవాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తట్టింది, నేను ఆసిడ్‌ను సోడాతో విరిచేయడం మరిచిపోయాను. బెనెడిక్ట్ పనిచేయాలంటే క్షారం ఉండాలి, మిగిలిన ఆసిడ్ దాన్ని తినేసింది. మర్నాడు మళ్లీ చేశాను. బుడగలు ఆగేదాకా సోడా వేసి, తర్వాత వేడి చేస్తే నీలం కాస్తా ఆకుపచ్చ, పసుపు, చివరికి ఇటుక రంగు. ఆ పిల్లవాడే లేచి దగ్గరికొచ్చి చూశాడు. నువ్వు కూడా మీ ల్యాబులో చెయ్యి, మీ లెక్చరర్ పక్కన ఉన్నప్పుడే చెయ్యి. గాఢ సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఇంట్లో ముట్టుకునే వస్తువు కాదు.

*ప్రశ్న: మాది మెట్ట. వరి లేదు. కందికంప, పొగాకు కాడలు, సుబాబుల్, చేల గట్ల మీద చిల్లచెట్లు (సర్కారు తుమ్మ) ఉన్నాయి. వీటిలో చక్కెర ఉండదా?*
— రైతు, మర్రిపూడి మండలం

అన్నిటిలోనూ ఉంది. మొక్క అన్నాక సెల్యులోజ్ లేకుండా నిలబడలేదు. తేడా తారులో ఉంది. గడ్డి కంటే కర్రలో లిగ్నిన్ ఎక్కువ, గట్టిదనం ఎక్కువ, కాబట్టి నరకడానికీ ఉడికించడానికీ ఖర్చు ఎక్కువ. చేయలేనిది కాదు, అస్సాంలో నుమాలీగఢ్ దగ్గర వెదురు నుంచి ఇథనాల్ తీసే ఫ్యాక్టరీ కట్టారు.

కానీ మీ సుబాబుల్‌ను ఇందులోకి తేవద్దంటాను. దానికి కాగితం మిల్లుల దగ్గర గిరాకీ ఉంది, మిల్లు కొనేది కూడా అందులోని సెల్యులోజ్‌నే. కందికంప పొయ్యిలోకి, దడికి పోతుంది. పొగాకు కాడల్ని కూడా ఊళ్లో వంటచెరకుగా వాడుకునేవాళ్లున్నారు. ఒక ఇంటి పొయ్యి ఆర్పి ఇంకొకరి బండి నడపడం నాకు ఇష్టం లేదు. చిల్లచెట్టు మాట వేరు. అది బీళ్లను, చెరువుల్ని ఆక్రమించి కూర్చుంది, నరికినా మళ్లీ చిగురు వేస్తుంది. ఫ్యాక్టరీకి ఏదైనా కావాలంటే ముందు దాన్ని చూపిస్తాను.

*ప్రశ్న: కనిగిరి దగ్గర గడ్డితో గ్యాసు తీసే ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. మీరు చెప్పేది అదేనా?*
— కిరాణా వ్యాపారి, కనిగిరి

అది వేరు. పీసీ పల్లి మండలం దివాకరపల్లిలో 2025 ఏప్రిల్ 2న మంత్రి నారా లోకేష్ శంకుస్థాపన చేసింది రిలయన్స్ వారి కంప్రెస్డ్ బయోగ్యాస్ ప్లాంటుకు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి, గాలి తగలకుండా తొట్లలో మగ్గబెట్టి మీథేన్ తీసే పద్ధతి. మన గోబర్ గ్యాస్‌కు పెద్దన్న. అక్కడా ముందు గడ్డి చక్కెరగానే విడిపోతుంది. అయితే ఆ చక్కెరను మనం చూడం, బాక్టీరియా అక్కడికక్కడే తినేసి ఆమ్లాలుగా, ఆపైన గ్యాసుగా మార్చేస్తుంది. ఇథనాల్ పద్ధతిలో చక్కెర దగ్గర ఆపుతాం. చక్కెర చేతిలో ఉంటే ఇథనాలే కాదు, వేరే రసాయనాలు, విమాన ఇంధనం దాకా చేసుకోవచ్చు. అందుకే దానికి అంత కష్టపడటం.

*ప్రశ్న: ఇథనాల్ కలిపాక నా బైక్ మైలేజీ తగ్గినట్టుంది. నిజమా, నా భ్రమా?*
— ప్రైవేటు ఉద్యోగి, ఒంగోలు

భ్రమ కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. 20 శాతం కలిపితే లెక్క ప్రకారం ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. ఇంజను తీరును బట్టి మైలేజీలో తేడా అంతకంటే తక్కువ ఉండొచ్చు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది, కాబట్టి పాత బండిని నెలల తరబడి ట్యాంకు నింపి కదపకుండా ఉంచకండి. రబ్బరు పైపులు ఒకసారి మెకానిక్‌కు చూపించండి.

*ప్రశ్న: అమ్మా, నాకు నాలుగు గేదెలున్నాయి. ఇప్పటికే గడ్డి కట్టలు కొనాలంటే టెన్షన్‌గా ఉంటోంది. గడ్డంతా ఫ్యాక్టరీకి పోతే మా గతేంటి? పొలానికి మాత్రం ఏం మిగులుతుంది?*
— పాడి రైతు, బుచ్చిరెడ్డిపాళెం

తల్లీ, మీ ప్రశ్నే అన్నిటికన్నా ముందు అడగాల్సింది.

పానిపట్ లాంటి ప్లాంటుకు రోజుకు 550 టన్నుల దాకా గడ్డి కావాలి. బేలర్ చుట్టే చిన్న కట్ట పదిహేను కిలోలనుకుంటే రోజుకు 36 వేల కట్టలు. కోతలు మాత్రం నెలా నెలన్నరలో అయిపోతాయి. అంటే ఏడాది గడ్డినీ ఆ కొద్దిరోజుల్లో చుట్టించి, మోయించి, తడవకుండా దాచాలి. మా నాయన వామి వేసేటప్పుడు పైన ఏటవాలుగా దువ్వి, వాన నీరు జారిపోయేలా కప్పేవాడు. ఒక ఏడాది ఒక మూల సరిగా కప్పలేదు. కార్తీకం వానలయ్యాక ఆ మూల గడ్డి లాగితే వెచ్చగా, నల్లగా, పుట్టగొడుగు వాసనతో వచ్చింది. గేదె మూతి తిప్పేసుకుంది. ఆ చక్కెరను బూజు మనకంటే ముందే తినేసిందన్నమాట. వామి మూల కప్పకపోతే ఇలా ఉంటే, లక్షల టన్నులు ఆరుబయట ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. వరిగడ్డిలో ఇసుక జాతి సిలికా కూడా ఎక్కువ, నరికే కత్తులు తొందరగా అరిగిపోతాయి. అందరూ ఎంజైముల ధర గురించి మాట్లాడతారు గానీ, నా దృష్టిలో ఈ మోత, ఈ నిల్వ దానికంటే పెద్ద సమస్య.

పొలం సంగతి. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, పొటాషియం చాలావరకు బూడిదలో మిగులుతుంది. మొత్తం మోసుకుపోతే రెండూ పోతాయి. అందుకని మోడు, వేరు, కొంత గడ్డి చేలోనే కలిసిపోవాలి. గడ్డి అమ్మిన చేనుకు పొటాష్ లెక్క మార్చుకోవాలి.

నేను అడిగేది ఇదీ. ముందు పశువుకు, తర్వాత పొలానికి, ఆ రెండూ తీరాక ఎవరికీ పనికిరాక నిప్పు పాలయ్యే గడ్డి ఫ్యాక్టరీకి. అప్పుడు కూడా కట్టకు వచ్చే డబ్బు కౌలు చేసిన మనిషి చేతికి రావాలి, పొలం కాగితం ఎవరి పేరున ఉందో వాళ్ల చేతికి కాదు. మిషన్ కోతకు డబ్బు కట్టేదీ, ఎండలో గడ్డి తిరగేసేదీ ఆయనే. రేపు మన జిల్లాకు అలాంటి ఫ్యాక్టరీ వస్తే గ్రామసభలో ఈ మాట గట్టిగా అడగండి. గడ్డి కొనే హద్దులు, మీలాంటి వాళ్లకు ముందు విడిచిపెట్టే కట్టలు కాగితం మీద రాయించుకోండి.

*ప్రశ్న: మేడమ్, సైన్స్ ఫెయిర్‌కు గడ్డిలో చక్కెర చూపించాలి. ఆసిడ్ లేకుండా చేయొచ్చా?*
— ఎనిమిదో తరగతి, అల్లూరు

గడ్డిలో చక్కెర చూపించలేవు నాయనా, అది ఎందుకు బయటకు రాదో చూపించగలవు. అదీ మంచి ప్రయోగమే.

రెండు గాజు గ్లాసులు తీసుకో. ఒకదాంట్లో గ్లాసు నీళ్లకు ఒక్క చెంచా గంజి, రెండోదాంట్లో నీళ్లలో చిన్న దూది ఉండ, దూది దాదాపు అంతా సెల్యులోజే. గంజి పలచగానే ఉండాలి. రెండిట్లోనూ మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ గానీ బెటాడిన్ గానీ ఒకటి రెండు చుక్కలు వెయ్యి. గంజి నీలం నలుపు అవుతుంది, దూది గోధుమ రంగులోనే ఉంటుంది. ఇప్పుడు రెండిట్లోనూ బాగా ఉమ్మి వేసి, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో అరగంట పెట్టు. గంజి గ్లాసులో నీలం మెల్లగా పోతుంది, పిండి పదార్థం విడిపోయిందన్నమాట. దూది ఉండ ఎలా వేశావో అలాగే ఉంటుంది. దాని పక్కన ఒక పిడికెడు గడ్డి, మీ ఇంట్లో ఉంటే గేదె నెమరు వేస్తున్న ఫొటో పెట్టు.

నీలం పోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కొలిచి నాకు రాయి.